పావు షేడు తేడా

చేపల తొట్టి ముందు కూర్చుంటే మనసు ప్రశాంతంగా ఉంటుందని చెప్పేవాళ్లు మా బావను చూడలేదు. ఫెయిలయ్యానేమోనన్న అనుమానంతో ఫలితాల బోర్డు ముందు నిలబడ్డ విద్యార్థిలా ఉంటాడు ఆయన ఆ తొట్టి ముందు.

బావది పెయింట్ల దుకాణం. గోడ నుంచి గోరంత పెచ్చు ఊడదీసి తెచ్చిస్తే చాలు, అదే రంగు కలిపి డబ్బాలో పోసిస్తాడు. మనకు తెలుపు ఒక్కటే. ఆయన లెక్కలో తెలుపుది పెద్ద కుటుంబం, అందులో ఎవరికి ఎవరితో పడదో కూడా ఆయనకు తెలుసు. ఆ కంటి మీద ఉన్న నమ్మకం ఆయనకు ఇంక దేని మీదా లేదు.

అలాంటి మనిషి ముందుగదిలోని అక్క కుట్టుమిషన్‌ను పడగ్గదిలోకి జరిపించి, ఆ చోట సముద్రపు నీటి తొట్టి పెట్టాడు. మొదట తెచ్చిన చేపలు బతకలేదు. రెండోసారి క్లౌన్ చేపల జంటను తెచ్చాడు, నారింజ రంగు మీద తెల్ల పట్టీలవి. అవి కాపురముండేందుకు ఒక ఎనిమోన్‌నూ తెచ్చాడు. ఎనిమోన్ అంటే పువ్వు వేషం వేసిన జంతువు.

"ఇవీ పోయాయంటే తొట్టి బయటికి, నా మిషన్ దాని చోటికి" అంది అక్క. అని, మర్నాటి నుంచి వాటికి మేత తనే వేసింది. ఆమె వేలు అద్దం మీద ఎటు కదిలితే చేపలు అటు వచ్చేవి.

ఉప్పునీటి తొట్టిలో చేపలను పెంచడం తేలిక, నీళ్లను పెంచడమే కష్టం. పీహెచ్ చూడాలి. చిన్న గాజు గొట్టంలో తొట్టి నీళ్లు పట్టి, మందు చుక్కలు వేసి ఊపితే రంగు వస్తుంది. దాన్ని కార్డు మీది రంగు గళ్లతో పోల్చుకోవాలి. గోధుమరంగైతే తక్కువ, ఊదా ముదిరేకొద్దీ ఎక్కువ. ఎవరైనా ఇంచుమించు ఇదేలే అనుకుని టీ తాగడానికి పోతారు. ఇంచుమించు అన్న మాట బావ దుకాణంలో బూతు.

సాయంత్రం పావు షేడు ఎక్కువుందని కాస్త వెనిగర్ పోసేవాడు. పొద్దున పావు షేడు తక్కువుందని చిటికెడు వంటసోడా కలిపేవాడు. పగటి వెలుగులో పీహెచ్ కొంచెం పెరిగి, రాత్రి తగ్గడం ఏ తొట్టిలోనైనా మామూలే. బావ మాత్రం దాన్ని నీళ్ల క్రమశిక్షణ లోపం కింద జమకట్టాడు.

"వెనిగరూ నా వంటింట్లోదే, సోడా నా వంటింట్లోదే. ఇంతకీ చేపల్ని పెంచుతున్నారా, ఊరబెడుతున్నారా?" అని అడిగింది అక్క.

"నాకైతే రెండు రంగులూ ఒకేలా ఉన్నాయి బావా" అన్నాను.

"నీ కళ్లకు టీ, కాఫీ కూడా ఒకటే మరదలు పిల్లా."

కొన్నాళ్లకు ఎనిమోన్ పిడికిలంత అయి ముడుచుకుపోయింది. చేపలు మేత ముట్టకుండా ఒక మూలన చేరాయి. అక్క వేలు పెట్టినా రాలేదు. ఆమె వెటకారం మానేసింది. మాకు అసలు భయం అప్పుడే పట్టుకుంది.

బావ సీసాలో తొట్టి నీళ్లు నింపుకుని చేపల దుకాణానికి బయల్దేరాడు, నేనూ వెంట వెళ్లాను. దుకాణదారు ఆ నీళ్లు గొట్టంలో పట్టి చుక్కలు వేసి, సొరుగులోంచి తన కార్డు తీసి, గొట్టం పక్కన పెట్టి చూశాడు.

"పీహెచ్ బాగా కిందికి పోయింది సార్. ఏం పోస్తున్నారు?"

"కార్డు ఏం చెప్తే అది."

అంటూనే బావ ఆ కార్డు వైపు వంగి, గళ్లన్నీ ఒక్కొక్కటే చూశాడు. "ఈ ఊదా నా కార్డులో లేదు" అన్నాడు చివరికి.

"అదే కంపెనీ, అదే కార్డు సార్."

"నీ కార్డు ఎక్కడ పెట్టావు బావా?" అన్నాను.

"కిటికీ అద్దానికి అంటించా. వెలుగులో అయితే రంగు సరిగ్గా తెలుస్తుందని."

షేడ్ కార్డు ఎండలో పెట్టొద్దని తన దుకాణానికి వచ్చినవాళ్లందరినీ కసిరే మనిషి ఈయనే. ఎండకు గళ్లన్నీ వెలిసిపోయాయి. సరిగ్గా ఉన్న నీళ్లు కూడా వాటి పక్కన ముదురుగా కనిపించి, ఎక్కువ వెనిగర్ తాగేశాయి. మనలాంటి మోటు కళ్లయితే ఏదో ఒకటి అనుకుని వదిలేసేవి. ఈయన తప్పు రంగుకు వెంట్రుకవాసి తేడా రాకుండా నీళ్లను సరిపెట్టాడు.

"ఇక ఏమీ పోయకండి" అన్నాడు దుకాణదారు. "అప్పుడప్పుడూ కొంచెం పాత నీళ్లు తీసి, కొత్తగా కలిపిన ఉప్పునీళ్లు పోయండి. మిగతా టైమంతా ఊరుకోండి."

"ఊరుకోవడమంటే?"

"ఊరుకోవడమే సార్. కాస్త అటూ ఇటూ ఉన్నా చేపలు సర్దుకుంటాయి. పూటకో రకంగా మారిస్తేనే తట్టుకోలేవు."

అక్క వెనిగర్ సీసానూ, సోడా పొట్లాన్నీ బీరువాలో పెట్టి తాళం వేసింది. బావ చేతులు తొడల కింద పెట్టుకుని తొట్టి ముందు కూర్చున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

"ఊరుకుంటున్నా."

"అంత గట్టిగా ఊరుకోకండి, చేపలు బెదిరిపోతాయి."

నీళ్లు కొంచెం కొంచెంగా మారాయి. ఒక మధ్యాహ్నం ఎనిమోన్ ఒక్కో వేలూ సాచుకుంటూ విచ్చుకుంది. పెద్ద చేప ముందు వెళ్లి అటూ ఇటూ రాసుకుని చూసింది, చిన్నది వెనకాలే దూరింది. అక్క మేత వేసింది. రెండూ పైకి వచ్చి తినిపోయాయి. ఆమె చాలాసేపు అద్దం మీంచి వేలు తియ్యలేదు.

"మిషన్ పడగ్గదిలోనే ఉండనీలెండి, అక్కడ గాలి బాగా వస్తోంది" అంది.

బావ సంతోషంతో అద్దానికి ముక్కు ఆనించి, కన్ను చికిలించాడు. "ఎనిమోన్ కొసల్లో ఊదా కాస్త తగ్గినట్టు లేదూ?"

అక్క ఆయన కుర్చీని, ఆయనతో సహా, గోడ వైపు తిప్పింది. "ఇదిగో, దీని రంగు చూసుకోండి."