తాత పంచెలు పరిచిన రోజు

జీడిగింజలు కాల్చే పొగ ఎక్కడ తగిలినా నాకు భోగాపురం దగ్గర మా మామ్మ జీడితోట గుర్తొస్తుంది.

అప్పుడు నేను నాలుగో తరగతి. ఆస్ట్రేలియా ఉత్తరాన, ఊరికీ ఊరికీ మధ్య రోజుల ప్రయాణం ఉండే చోట, తొలి విమానాల కోసం జనం చెదపుట్టలు పగలగొట్టి, నేల చదును చేసి, తెల్లగుడ్డలు పరిచి గుర్తు పెట్టేవారని మాస్టారు చెప్పారు. మా దగ్గర విమానాశ్రయం కడతారని, మా ఊరికీ విమానాలు వస్తాయని అప్పట్లో అందరూ అనుకుంటున్నారు. గుర్తు లేకపోతే పైలట్‌కి ఎలా తెలుస్తుందని నాకు బెంగ పట్టుకుంది. పోయిన తాత జ్ఞాపకంగా మామ్మ పెట్టెలో దాచుకున్న పంచెలు తీసుకెళ్ళి తోట మధ్య ఖాళీలో పరిచేశాను.

మామ్మ పరుగున వచ్చింది. "ఒసే, ఏటే ఇది? తాత పంచెలే అవి!"

"ఇమానం దిగడానికి మామ్మా. లేపోతే మనూరు దాటి ఎలిపోతాది."

దెబ్బ పడుతుందని కళ్ళు మూసుకున్నాను. ఆమె మాత్రం గాలికి లేస్తున్న అంచు మీద రాయి పెట్టి నా పక్కన కూర్చుంది. కాసేపటికి విశాఖ వైపు ఒక విమానం ఎత్తున వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది.

"మనల్ని సూసే ఉంటాడు. మళ్ళీ వస్తాడులే," అంది మామ్మ.

విమానం దిగాలంటే ఆ తోట పోవాలని ఆమెకి అప్పటికే తెలుసట. ఆ సంగతి నాకు చాలా ఏళ్ళకి గాని తెలియలేదు.