పెట్టె ఎత్తు బంగారం

కొత్తగూడెం నుంచి భద్రాచలం దారి ఎలా ఉంటుందని చాలామంది అడుగుతుంటారు. ఆ దారిలో నేను లెక్కలేనన్నిసార్లు వెళ్లాను గానీ, చెప్పుకోదగ్గది మాత్రం తొంభైల నడుమ ఒక చలికాలంలో అమ్మతో చేసిన ప్రయాణమే. అప్పట్లో నేను బెంగళూరులో గామా కిరణాల పేలుళ్లను పట్టే ఒక పరికరం మీద పనిచేసేదాన్ని. ఆకాశంలో ఏదో ఒక మూల ఉన్నట్టుండి భగ్గుమని, క్షణాల్లో ఆరిపోయే వెలుగులవి. గాలి పొర వాటిని నేలదాకా రానివ్వదు కాబట్టి మా పెట్టెను ఒక చిన్న ఉపగ్రహంలో పెట్టి పంపాం. కిరణం తగిలినప్పుడల్లా లోపలి స్ఫటికం మిణుకుమంటుంది. ఆ మిణుకులను లెక్కగట్టి పేలుడు ఎంత ప్రకాశవంతమో తేల్చాలి. అంతకుముందు పంపిన ఉపగ్రహం తొందరగానే కిందికి జారి కాలిపోయింది. ఈసారీ ఏమీ చిక్కకపోతే మా బృందం చెట్టుకొకరు పుట్టకొకరు కావడం ఖాయం.

నాన్నది బొగ్గుబావిలో పని. భూమిలోకి దిగినవాళ్లు క్షేమంగా పైకి రావాలని మొక్కడం అమ్మకు అలవాటే. పైకి పోయినది అక్కడే ఉండాలని మొక్కడం మాత్రం అదే మొదలు. సమ్మక్క తల్లికి పెట్టె ఎత్తు బంగారం మొక్కింది. మా వైపు ఆ తల్లికి పెట్టే బెల్లాన్ని బంగారమనే అంటాం. ఎత్తు అంటే తూకం, పెట్టె ఎంత తూగితే అంత బెల్లమన్నమాట. నేను సెలవు మీద వచ్చేసరికే నేను చెప్పిన బరువుకు సరిగ్గా కిరాణా కొట్టు కాంటా మీద తూయించి, మూటగట్టి సిద్ధంగా ఉంచింది.

"ఇంకా ఒక్క పేలుడూ దొరకలేదమ్మా" అన్నాను.

"పైకి పోయిందా, లేదా?"

"పోయింది."

"కూలిందా?"

"లేదు."

"మరింకేందే నీ లొల్లి? మొక్కు తీరినట్టే."

భద్రాచలానికి బస్సులు బాగానే ఉండేవి గానీ మూటతో ఎక్కలేక జీపు కిరాయికి మాట్లాడుకున్నాం. డ్రైవరు యాకూబ్ మా వీధివాడే. పొద్దున ఏడింటికి బయల్దేరి పాల్వంచలో ఇడ్లీ తిన్నాం. మీరూ అక్కడే తినండి, తరవాత చాలాదూరం టేకు చెట్లు తప్ప ఏమీ కనబడవు. ఊరు దాటాక మంచులో నెమ్మదిగా పోయి, మట్టిదారిలోకి తిరిగి, అడవి అంచున ఉన్న ఒక కోయ గూడేనికి చేరాం. అక్కడ చెట్ల నడుమ తల్లిని కొలిచే అరుగు, గద్దె ఉంది. పూజ చేసే పెద్దాయనను వడ్డె అంటారు. ఆయన మూటను చేత్తో ఎత్తి చూసి, కింద పెట్టాడు.

"ఏం అడిగిండ్రో, తల్లి ఏమిచ్చిందో నోటితోని చెప్పాలె. గప్పుడే బంగారం ముడుతది."

అమ్మ నన్ను ముందుకు తోసింది. "పెట్టె దీనిదే. ఇదే చెప్తది."

ఇచ్చిందని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ కొలవనిది కొలిచానని చెప్పడం నాకు చేతకాదు. "పెట్టెను పంపినం. పనిచేస్తుంది. కానీ ఇంకా ఏం చూడలేదు. చూస్తదో చూడదో అని భయమైతుంది" అన్నాను. అంతవరకు ఆ భయం బయటికి చెప్పుకోలేదు, అమ్మకు కూడా.

"గట్లయితే ఇది ఇచ్చుడు గాదు, అడుగుడే" అన్నాడు వడ్డె. "అడిగేటోళ్లది చిటికెడు చాలు. మిగతాది తీస్కపోండ్రి. అయినంక రాండ్రి."

జీపెక్కాక అమ్మ మండిపడింది. "అవ్ అంటే నీ సొమ్మేం పోయేది? తల్లికి తెచ్చిన బంగారం వాపసు తీస్కపోతరా ఎవరన్న?"

"లేనిది ఉందని ఎట్ల చెప్పాలె?"

గోతుల్లో మూట ఎగిరెగిరి పడుతుంటే యాకూబ్ మెల్లగా పోదునా అని అడిగాడు. "ఎట్లన్న పోనియ్" అంది అమ్మ.

గోదావరి వంతెన దాటి భద్రాచలం చేరేసరికి పదకొండు దాటింది. దర్శనం, భోజనం, మధ్యాహ్నం పర్ణశాల, మర్నాడు తిరుగుప్రయాణం అనుకున్నాం. గుడి వీధి మొదట్లో ఎస్టీడీ బూత్ కనబడగానే దిగి బెంగళూరుకు ఫోన్ చేశాను. నాతోపాటు పనిచేసే మూర్తిగారు ఎత్తారు.

"ఎక్కడున్నారండీ మీరు? దొరికింది! మిణుకుల లెక్క ఒక్కసారిగా లేచి, దిగిపోయింది. అందరం సరిచూశాం, పేలుడే."

"ఎంత ప్రకాశం?"

"అప్పుడే ఎలా చెప్తామండీ? ఎదురుగా వచ్చి తగిలిందో, ఏటవాలుగా తగిలిందో తేలాలి. ఏటవాలుగా అయితే మనం చూసినదానికంటే అసలుది పెద్దదే. మిగతా ఉపగ్రహాల లెక్కలతో పోల్చి చూడాలి."

బూత్‌లోనే నిలబడి ఏడ్చాను. బయటికొచ్చేసరికి అమ్మ బెంబేలెత్తిపోయి ఉంది.

"దొరికిందమ్మా."

అమ్మ నా ముఖం తడిమింది. "ఎంత పెద్దదట?"

"ఇంకా తెల్వదు. మనకు కనబడ్డదానికన్న పెద్దదే కావచ్చు."

అమ్మ గుడివైపు తిరిగి దండం పెట్టింది. తిన్నగా వచ్చి జీపులో కూర్చుంది. "యాకూబూ, బండి తిప్పు."

"అమ్మా, రాములోరి దర్శనం?" అన్నాను.

"రాములోరు యాడికి పోతడు? తల్లికి చెప్పాల్సింది రేపటిదాక ఉంచుతమా? జల్దీ పా."

మధ్యాహ్నం ఎండలో మళ్లీ గద్దె ముందు నిలబడ్డాం. వడ్డె మళ్లీ అదే అడిగాడు. ఈసారి అమ్మ తోయలేదు. "తల్లి ఇచ్చింది" అన్నాను. ఆయన మూట విప్పి బెల్లమంతా గద్దె మీద పెట్టాడు. గూడెంలో అందరికీ తలా ఒక ముక్క పంచారు.

ఆ పేలుడు ప్రకాశం తేలడానికి చాలాకాలం పట్టింది. తీరా చూస్తే అది మరీ పెద్దదేమీ కాదు. అయినా తరవాత మరికొన్ని దొరికాయి, మా బృందం చెదిరిపోలేదు. ఇప్పటికీ ఏ ఫలితమైనా రాయబోయేముందు, ఇది ఇచ్చుడా, అడుగుడా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను. అలా ఆపుకున్న పరిశోధన పత్రాలు చాలానే ఉన్నాయి. తెలియదని చెప్పినందుకు నన్ను ఎవరూ చిన్నచూపు చూడని చోటు ఆ గద్దె. అందుకే ఆ దారంటే నాకింత ఇష్టం. మీరు వెళ్లేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి: జీపు బేరమాడేటప్పుడే దారిలో ఎక్కడైనా వెనక్కి తిప్పాల్సి రావచ్చని డ్రైవరుతో చెప్పి ఒప్పించుకోండి. మంచి కబురు ఎక్కడ అందుతుందో ముందే తెలియదు.