లోపల ఎవలన్న ఉన్నరా?

“లాంచీని ఎందుకమ్ముతానవ్ అవ్వా? అండ్ల బాపు ఉన్నట్టే అనిపిస్తది నాకు.”

“ఉంటే కిరాయి కట్టుమను. సగం వాకిలి ఆయనకే పాయె.”

“నీకు జర సుత మనసు లేదే.”

“మనసుంది బిడ్డా, జాగ లేదు. నీ బండి సుత గల్లీల పెడ్తానవ్.”

రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నా కొడుకు శీను విసురుగా లేచి వెళ్లిపోయాడు. నేను ఆపలేదు. పోయినవాళ్లు ఇంట్లో తిరుగుతారంటే నమ్మే మనిషిని కాను. మూడో తరగతి చదువుకే ఆ మాత్రం తెలుసనుకునేదాన్ని. మనుమరాలు అడిగితే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

అది ముప్పై మంది పట్టే ఇనుప లాంచీ. వరంగల్‌లో మా వాకిట్లోనే మా ఇంటాయన రేకులు అతికించి చేయించాడు. లారీ మీద గోదావరికి తీసుకుపోయి, కొబ్బరికాయ కొట్టి నీళ్లలోకి దింపాం. పెళ్లివాళ్లు, మేకలు, యూరియా బస్తాలు, నొప్పులు పడే ఆడవాళ్లు, అందరినీ అది అవతలికి దాటించింది. మా పొయ్యి వెలిగింది దాని పుణ్యానే.

ఒకసారి బస్తాల వెనక నిద్రపోయిన ముసలామె, దిగకుండా మళ్లీ ఇవతలికే వచ్చింది. అప్పటినుంచి ఒడ్డు చేరగానే మా ఆయన ఇనుము మీద అరచేత్తో రెండుసార్లు కొట్టి, “లోపల ఎవలన్న ఉన్నరా?” అని అడిగేవాడు. అడగకుండా లాంచీ తిప్పేవాడు కాదు.

వంతెన వచ్చింది, జనం బస్సులెక్కారు. అక్కడే అమ్మమంటే వినకుండా లాంచీని ఇంటికి తెచ్చాడు. ఆయన పోయాక దాని మీద మిరపకాయలు ఎండబోశాను, లోపల కట్టెలు పేర్చాను. అడుగంతా తుప్పుపట్టి చిల్లులు పడ్డాక కట్టెలు తీసేసి, పాత ఇనుము కింద బేరం పెట్టాను.

గొడవైన కాసేపటికి గ్యాస్ కటింగ్ చేసే సారయ్య వచ్చాడు. నెక్కొండ మనిషి, మా ఆయనను ఎన్నడూ చూడలేదు. శీను గదిలో పడుకున్నాడనుకుని, లాంచీ ఖాళీగానే ఉంది, కొయ్యమని చెప్పి వంటింట్లోకి పోయాను. కాసేపటికే సారయ్య మంట ఆపి గుమ్మంలోకి వచ్చాడు.

“పెద్దమ్మా, లోపల ఎవలన్న ఉన్నరా అని అడిగిందెవలు?”

“ఎవలూ అడగలే. నీ పని చూసుకో.”

“మొగమనిషి గొంతే. రేకు మీద రెండుసార్లు కొట్టి అడిగిండు. లేరని చెప్పిన. మల్ల అడిగిండు.”

నేను పోయి ఇంజన్ గది మూత ఎత్తించాను. తండ్రి పాత దుప్పటి పరుచుకుని, చెవుల్లో దూది పెట్టుకుని శీను నిద్రపోతున్నాడు. కాళ్ల దగ్గర పాత డీజిల్ మడ్డి. సారయ్య కొయ్యబోయింది ఆ గది గోడనే.

పక్కింటికి తాళం వేసి ఉంది. సారయ్య ఫోను సంచిలోనే ఉంది. మా ఆయన గొంతు మేము ఏ ఫోన్లోనూ దాచుకోలేదు. అడిగిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరైనా సరే, దీపం పెట్టేటప్పుడు మొదటి దండం వాళ్లకే.

మరునాడు పొద్దున సారయ్య మళ్లీ వచ్చాడు. శీను నా పక్కన నిలబడ్డాడు, అమ్మొద్దని అనలేదు. నేను ఇంజన్ గదిలోకి వంగి, రేకు మీద రెండుసార్లు కొట్టి, “లోపల ఎవలన్న ఉన్నరా?” అని అడిగాను.

ఎవరూ పలకలేదు. కొయ్యమన్నాను.