సింహాసనం వెనక బేస్ గిటార్

పిడుగురాళ్లలో షెర్లీ ఇల్లెక్కడంటే ఏ షెర్లీ అని అడుగుతారు. గిటార్ షెర్లీ అంటే సున్నం బట్టీల వైపు చెయ్యి చూపిస్తారు. నిజానికి ఆమె వాయించేది అందరూ అనుకునే గిటార్ కాదు. నాలుగే నాలుగు లావుపాటి తీగలుండే బేస్ గిటార్. పాటలో అది మోగుతున్నంతసేపూ ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఆగిపోతే మాత్రం పాటేంటి ఇలా బోసిపోయింది అనుకుంటారు.

అది ఆమె చేతికి రావడం అనుకోకుండా జరిగింది. ఇంటర్ చదివే రోజుల్లో వాళ్ల చర్చిలో బేస్ వాయించే అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. క్రిస్మస్ దగ్గర పడింది. గిటార్ గోడకు ఆనించి ఉంది. "ఎవరో ఒకళ్లు పట్టుకోండమ్మా, ఊరికే నిలబడినా ఫరవాలేదు" అన్నారు పాస్టరు గారు. పాటలు పాడేవాళ్లలో చివరి వరసలో ఉండే షెర్లీ వెళ్లి పట్టుకుంది. పట్టుకున్నాక ఊరికే నిలబడలేకపోయింది. వేళ్లు కాయలు కాసేదాకా నేర్చుకుంది. తల్లి ఆరోగ్యమ్మ బట్టీ పని నుంచి వచ్చి, కూతురి వేళ్లకు కొబ్బరినూనె రాస్తూ, "నా చేతులు చూసి గూడా బుద్ధి రాలేదంటే, ఎట్టాగే నీతో" అని తిట్టేది. తిడుతూనే రాసేది.

పెళ్లయ్యాక కూడా షెర్లీ మానలేదు. భర్త ఏసుబాబు సున్నం లారీ నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజు బండి మీద ఆమెను బస్టాండులో దింపేది అతనే. నెలజీతం లేని పని అది. ఫోన్ మోగితే పనున్నట్టు, మోగకపోతే లేనట్టు. సువార్త సభలు, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలు, స్కూలు వార్షికోత్సవాలు, ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి వెళ్లేది. అలా తిరుగుతుండగానే నరసరావుపేట నుంచి జయకృష్ణ ఫోన్ చేశాడు. అతను ఓ ప్రైవేటు స్కూల్లో సంగీతం చెబుతాడు. కొండవీటి రాజు కథ మీద పద్యాలూ పాటలూ కలిపి ఓ కొత్త నాటకం కడుతున్నాడు.

"నాటకానికి బేస్ ఎందుకన్నా?" అంది షెర్లీ.

"పాటల్లో నిండుదనం కావాలి. నువ్వు రా, నీకే తెలుసుద్ది."

రిహార్సల్స్ ఓ కల్యాణమండపం పై అంతస్తులో, ఆదివారం మధ్యాహ్నాలు జరిగేవి. రాజు వేషం నాగభూషణరావుది. గురజాలలో పత్తి వ్యాపారం చేసి, ఇప్పుడు అది మానుకున్న మనిషి. వయసులో ఉన్నప్పటి నుంచీ రాజు వేషాలు ఆయనవే. గొంతెత్తితే మైకు అక్కర్లేదని ఆయనకు పేరు. మొదటి రోజే గిటార్ని చూసి మొహం చిట్లించారు.

"పద్యానికి హార్మోనియం, తబలా ఉంటే చాలయ్యా. ఈ డుబ్బు డుబ్బు ఏంది? పెళ్లి ఊరేగింపా?" అన్నారు జయకృష్ణతో, షెర్లీ అక్కడ లేనట్టు.

"కాలేజీ పిల్లలు గూడా కూర్చుని చూడాలిగదండీ" అని జయకృష్ణ సర్దిచెప్పాడు.

ఆయన అయిష్టంగానే ఊరుకున్నారు. కొన్నాళ్లకు రెండో అంకం మొదలయింది. అందులో రాజు కోట వదిలి వెళ్లేముందు పాడే పద్యమే నాటకానికి ప్రాణం. ఆయన ఎత్తుకున్నారు. శృతి తప్పింది. హార్మోనియం ఆగింది. మళ్లీ ఎత్తుకున్నారు. మళ్లీ తప్పింది.

"ఆ అమ్మాయి వాయించేది నా శృతిని లాగేస్తంది" అన్నారు కోపంగా.

జయకృష్ణ ఇబ్బందిగా షెర్లీ వైపు తిరిగాడు. "పద్యాలప్పుడు ఆపేయ్ షెర్లీ."

ఆమె ఆపేసింది. అప్పుడు మరీ అన్యాయమయింది. హార్మోనియం ఒక దారిన, ఆయన గొంతు ఇంకో దారిన పోయాయి. హాల్లో ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. ఆయన కండువా దులిపి భుజాన వేసుకుని మంచినీళ్ల కోసం కిందికి దిగిపోయారు.

ఆ సాయంత్రం జయకృష్ణ మెట్ల దగ్గర షెర్లీని ఆపాడు. పద్యాల్లో ఆమె లేనప్పుడు, పాటలకు కావలసిన బేస్ కీబోర్డులోనే వాయించుకోవచ్చు గదా అని నాటకానికి డబ్బు పెడుతున్న కమిటీ వాళ్లు అంటున్నారట. మొదటి ప్రదర్శన దాకా చూద్దామన్నాడు. ఆ మాటకు అర్థమేమిటో ఆమెకు తెలుసు. ఇంతకుముందు రెండు ఆర్కెస్ట్రాలు కూడా "చూద్దాం" అంటూనే ఆమెను పిలవడం మానేశాయి. బస్సులో గిటార్ని మోకాళ్ల మధ్య పెట్టుకుని పిడుగురాళ్ల దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తప్పు తనది కాదని తెలుసు. తప్పు ఎక్కడుందో మాత్రం తెలియలేదు.

మరుసటి ఆదివారం బస్సు ముందే దొరికి, ఆమె అందరికంటే ముందు చేరుకుంది. హాల్లో నాగభూషణరావు ఒక్కరే ఉన్నారు. కిటికీ వైపు తిరిగి పద్యం గొణుక్కుంటున్నారు.

"నమస్కారం సార్" అంది వెనకనుంచి.

ఆయన పలకలేదు. ఇంకాస్త గట్టిగా అంది. అయినా తిరగలేదు. షెర్లీకి మనసు చివుక్కుమంది. తనలాంటి దాన్ని పలకరించడం కూడా నామోషీ కాబోలనుకుంది. ఓ మూలకు వెళ్లి గిటార్‌కి వైరు పెట్టి, స్పీకరు బాక్స్ ఆన్ చేసి, అన్నిటికంటే లావు తీగను ఒక్కసారి మీటింది.

హాలు ఆ చివరనున్న మనిషి చటుక్కున వెనక్కి తిరిగారు.

"ఎప్పుడొచ్చావమ్మాయ్?"

"ఇందాకే సార్. రెండుసార్లు పలకరించాను."

ఆయన మొహంలో రంగు మారింది. పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు, నెపం దాని మీద పెడదామన్నట్టు. కానీ పెట్టలేదు. నెమ్మదిగా దగ్గరికొచ్చారు.

"నా పద్యం శృతి తెలుసుగా నీకు? అది కొట్టు."

రిహార్సల్లో లాగా స్వరాలు మార్చకుండా, ఆమె ఆ ఒక్క స్వరమే మీటి అలాగే మోగనిచ్చింది. ఆయన కళ్లు మూసుకుని మొదటి పాదం ఎత్తుకున్నారు. సరిగ్గా పడింది. రెండోది ఎత్తుకున్నారు. అదీ పడింది. పద్యం అంతా పాడి, పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీలో కూలబడ్డారు.

"కింద నుంచి వస్తంది. పాదాల్లోకి తెలుస్తంది" అన్నారు. "హార్మోనియం అట్టా లేదమ్మాయ్. గాలి ఊదినట్టు ఉంటంది. అందులో స్వరం ఏదో దొరకట్లేదు. ఆడవాళ్ల మాటలు, పిల్లల మాటలు అసలే అందట్లేదు. చానా రోజులయింది ఇట్టా అయి."

"డాక్టరుకి చూపించారా సార్?"

"చూపిస్తే చెవిటోడంటారు. చెవిటోడికి వేషమెవడిస్తాడు?" కండువాతో మొహం తుడుచుకుని, "నీ మీద పెట్టానుగదా తప్పు. మనసులో పెట్టుకోబాక. ఈ నాటకం గట్టెక్కేదాకా ఎవరికీ చెప్పబాక. పద్యాలప్పుడు గూడా నువ్వు వాయించేట్టు నేను చూస్తా" అన్నారు.

ఆమె ఊరుకుంటే పని నిలబడేది. కానీ ఆమెకు ఒకటే భయం కళ్ల ముందు కనిపించింది.

"నేను చెప్పను సార్. మీరే చెప్పండి. స్టేజీ మీద కరెంటు పోయిందనుకోండి, నా వైరు ఊడిందనుకోండి, అంతమంది ముందు మీరొక్కళ్లే అయిపోతారు. మనవాళ్లకి తెలిస్తే ఎవరో ఒకళ్లు సైగన్నా చేస్తారు."

"నాకు చెప్పేదానివయ్యావా నువ్వు?"

షెర్లీ తల దించుకుంది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. నాగభూషణరావు భార్య కృష్ణకుమారి టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. జయకృష్ణ వచ్చాడు. తబలా శృతి చేసే సుత్తి దెబ్బలు మొదలయ్యాయి. నాగభూషణరావు లేచి నిలబడి, చెయ్యెత్తి అందరినీ ఆపారు. రాజు వేషంలో ఎన్నో సభల్లో మాట్లాడిన మనిషి, ఆ చిన్న మాట చెప్పే ముందు కండువా తీసి మడతపెట్టి కుర్చీ మీద పెట్టారు.

"నాకు సరిగ్గా వినపడట్లేదయ్యా" అన్నారు చివరకు.

ముందు ఏడ్చింది కృష్ణకుమారి. "మరి నేను వంటింట్లోంచి పిలిస్తే పలకంది ఇందుకా? నా మీద మనసు విరిగిందనుకున్నానండీ. ఏం తప్పు చేశానా అని తల బద్దలు కొట్టుకుంటన్నా" అంది. కళ్లు తుడుచుకుంటూనే నవ్వింది. "చెవులేనా? ఇంతేనా? ఇంకేం లేదుగా?"

జయకృష్ణ నేల మీదే చతికిలబడ్డాడు. "మీకు మతిమరుపు మొదలయిందేమోనని భయపడి చస్తన్నానండీ. మాచర్లలో ఇంకొకాయన్ని మాట్లాడి పెట్టా గూడా. మీకెట్టా చెప్పాలో తెలవక నిద్రలేదు నాకు."

"ఒరేయ్, నా కిరీటం అప్పుడే ఇంకొకడి నెత్తిన పెట్టావురా?" అని నాగభూషణరావు పెద్దగా నవ్వారు. హార్మోనియం వాయించే ఆయనా నవ్వాడు. తన పెట్టెలోనే లోపముందేమోనని ఆయన దాన్ని రెండుసార్లు విప్పి చూసుకున్నాడట. అప్పటిదాకా ఎవరి భయం వాళ్లు కడుపులో పెట్టుకుని తిరిగినవాళ్లంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. టీ చల్లారిపోయింది.

ఆ రోజే పద్ధతి మార్చారు. బేస్ బాక్స్‌ని సింహాసనం వెనక పెట్టి, పైన ఎర్రగుడ్డ కప్పారు. షెర్లీ కుర్చీ కూడా అక్కడే, తెర మరుగున వేశారు. హార్మోనియం కంటే ఓ క్షణం ముందు ఆమె శృతి అందించాలి. ఏదైనా తేడా వస్తే తబలా అతను చెయ్యెత్తాలి.

ప్రదర్శన రోజు సాయంత్రం నరసరావుపేటలో హాలు నిండింది. షెర్లీ వైరు రెండు చివర్లకూ టేపు చుట్టింది. మొదటి అంకం సాఫీగా నడిచింది. రెండో అంకంలో రాజు చెప్పులు విడిచి వట్టి కాళ్లతో సింహాసనం దగ్గరికి నడిచి వచ్చారు. షెర్లీ తీగ మీటింది. చెక్క స్టేజీ సన్నగా అదిరింది. ఆయన ఎత్తుకున్నారు.

గొంతు తిన్నగా, తడబడకుండా పైకి వెళ్లింది. రాగం తీస్తూ ఆయన ఎంత దూరం పోయినా, ఆమె ఆ ఒక్క స్వరాన్నీ కింద పరిచినట్టు ఉంచింది. ఆయన తిరిగి వచ్చి సరిగ్గా దాని మీదే దిగారు. హాలు వెనక వరసల్లోంచి ఎవరో "వన్స్ మోర్!" అని అరిచారు. అందరూ అందుకున్నారు. ఆ అరుపు ఆయనకు వినపడిందో లేదో గాని, తబలా అతను మొహం నిండా నవ్వుతూ, ఇంకోసారి అన్నట్టు వేలు చూపించాడు. ఆయన తల కొంచెం వెనక్కి తిప్పి, "కొట్టమ్మాయ్" అన్నారు. షెర్లీ మళ్లీ మీటింది.

తర్వాత కృష్ణకుమారి ఆయన్ని గుంటూరు తీసుకెళ్లి చెవులు పరీక్ష చేయించింది. వయసుతో వచ్చిందేనన్నారు. రెండు చెవులకూ మిషన్లు పెట్టారు. కొత్తలో ఆయన గిన్నెల చప్పుడుకు, లారీల హారన్లకు తెగ విసుక్కున్నారు. "ఇప్పుడు గుసగుసలు గూడా వినపడతన్నాయంట. ఇక మేము జాగర్తగా ఉండాల" అని కృష్ణకుమారి ఫోన్లో షెర్లీకి చెప్పి పడీపడీ నవ్వింది. హార్మోనియం ఇప్పుడు బాగానే అందుతుంది ఆయనకు. అయినా బాక్స్ సింహాసనం వెనకే ఉండాలంటారు. పాదాలకు అలవాటయిందట. కీబోర్డులో బేస్ సంగతి కమిటీలో మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నాటకానికి రెండో ప్రదర్శన మాచర్లలో కుదిరింది. ఏసుబాబు ఆమెను బస్సెక్కించి, గిటార్ని సీటు పక్కన నిలబెట్టి, "పడకుండా పట్టుకోవే" అని చెప్పి దిగిపోయాడు. మామూలుగా అయితే ఎక్కడ తప్పు పోతుందోనన్న బెంగతో దారి పొడుగునా ఆమె వేళ్లు తొడ మీద పాట వాయించుకుంటూ ఉంటాయి. ఆ రోజు పిడుగురాళ్ల దాటీదాటకముందే కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. మాచర్ల బస్టాండులో కండక్టరు లేపేదాకా మెలకువ రాలేదు.