వాగు పక్క విన్న గొంతు

మైథిలి కప్పల శాస్త్రవేత్త. ఢిల్లీలో ఒక పరిశోధన సంస్థలో పాములు, బల్లులు, కప్పల విభాగం ఆమెదే. ఆ గదిలో ఉన్నవన్నీ స్పిరిట్ సీసాల్లోనివే. ప్రాణమున్నవి చూడాలంటే దొంగరవాణాలో పట్టుబడ్డ నక్షత్ర తాబేళ్లే దిక్కు. అవి ఏ జాతివో తేల్చడం, ఆ మాటే కోర్టుకెళ్లి మళ్లీ చెప్పడం ఉద్యోగంలో సగం.

ఆమె ఈ చదువులోకి వచ్చింది అందుకు కాదు, వానల్లో కప్పల వెంట తిరగడానికి. పాతికేళ్ల వయసులో రంపచోడవరం కొండల్లో పరిశోధన చేస్తుండగా, ఒక వానాకాలం మునిమాపు వేళ వాగు పక్కన వెదురుపొదలోంచి ఒక గొంతు వినిపించింది. గాజులు తగిలినట్టు రెండు టకటకలు, ఆపైన సన్నని ఈల. ఆ కొండల్లో కప్పలన్నిటి అరుపులూ ఆమెకు కంఠతా వచ్చు. ఇది వాటిలో లేదు. రోజూ వెళ్లి పొదలన్నీ గాలించింది. అడుగు దగ్గరపడితే చాలు, గొంతు ఆగిపోయేది. చివరికి చలిజ్వరం ముంచుకొచ్చి, జీపులో రాజమండ్రి ఆసుపత్రికి చేర్చారు. క్యాసెట్లో పట్టిన కాస్త అరుపే మిగిలింది. గొంతు ఒక్కటే చాలదు. కప్ప చేతికి దొరికితేనే కొత్త జాతి అని ఒప్పుకుంటారు.

తర్వాత వైమానిక దళంలో ఉన్న హేమసుందర్‌తో పెళ్లి, ఢిల్లీ బదిలీ, ఇక్కడే ఉద్యోగం, నగరం శివారు ద్వారకలో ఫ్లాటు. ఏటా జూన్ రాగానే "ఈ వానలకి వెళ్తాను" అనేది. ఒక ఏడు ఇషిత పుట్టింది. ఇంకో ఏడు అత్తగారికి ఆపరేషన్. హేమసుందర్ ఎప్పుడూ కాదనలేదు. "వెళ్లిరా మైథిలీ, ఇల్లు నేను చూసుకుంటాగా" అనేవాడు. అడ్డు చెప్పేవాళ్లుంటే వాళ్ల మీద కోపమన్నా తెచ్చుకునేది.

మొదటి వాన పడగానే ద్వారక అపార్టుమెంట్ల మధ్య మిగిలిన నీటిగుంట దగ్గరికెళ్లి నిలబడేది. ఒళ్లంతా పసుపు రంగు తిరిగిన గోదురుకప్పలు గుంట అదిరిపోయేట్టు అరిచేవి. అవీ ఇష్టమే ఆమెకు. చెవి మాత్రం వాటి వెనక ఇంకేదో వెతికేది.

కిందటి మే నెలలో విశాఖ నుంచి వర్షిణి అనే పరిశోధక విద్యార్థిని, పాత నమూనాలు చూసుకోవడానికి వచ్చింది. "మేడమ్, ఇది ఏ కప్పో చెప్పగలరా?" అంటూ ఫోన్‌లో రికార్డింగు పెట్టింది.

రెండు టకటకలు. ఈల.

మైథిలి చేతిలోని సీసామూత బల్ల మీదికి జారింది. "రంపచోడవరమా?"

"అవునండి! మీకెలా తెలుసు?"

"దొరికిందా?"

"పోయిన వానల్లో రెండు దొరికాయండి."

"కళ్లు ఏ రంగు?"

వర్షిణి కొలతలు చెప్పబోయి ఆగింది. "రాగి రంగు మేడమ్. చింతపండుతో తోమిన చెంబులా."

స్పిరిట్‌లో వేశాక ముందు పోయేది కంటి రంగే. అది బతికున్న కప్పని చూసినవాళ్లే చెప్పాలి.

మైథిలి బాత్‌రూమ్‌లోకి వెళ్లి చాలాసేపు మొహం కడుక్కుంది. సంతోషం ఒకటే అయితే అంతసేపు పట్టేది కాదు. తిరిగొచ్చి తన పాత క్యాసెట్ వర్షిణి చేతిలో పెట్టింది. రెండు గొంతులూ ఒక్కటేనని తేలింది.

"కప్పకి మీ పేరే పెడతానండి" అంది వర్షిణి.

"నేను చూడని కప్పకి నా పేరెందుకమ్మా? ఆ వాగు పేరు పెట్టు."

జూలైలో ఇద్దరూ కలిసి వెళ్దామనుకున్నారు. మైథిలి టికెట్ కూడా తీసింది. ఇంతలో ఫరీదాబాద్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. తాబేళ్ల కేసు, ఆమె సాక్ష్యం లేకపోతే పట్టుబడ్డవాళ్లు బయటపడతారు. టికెట్ రద్దు చేసుకుంది. వర్షిణి ఒక్కతే వెళ్లింది.

వాయిదా రోజు సాయంత్రం సాక్ష్యం చెప్పి మెట్రోలో ఇంటికొస్తుంటే వర్షిణి ఫోన్ చేసింది. "మేడమ్, వాగు దగ్గరున్నా. సిగ్నల్ కోసం గట్టెక్కాను. అరుస్తున్నాయి, వినండి!"

మైథిలి తర్వాతి స్టేషన్‌లో దిగిపోయి, ఒక స్తంభం చాటున రెండో చెవి మూసుకుని నిలబడింది. ముందు వెదురాకుల మీద వాన. తర్వాత ఒక కప్ప, దానికి బదులుగా దూరంగా మరొకటి. ఎదురు ప్లాట్‌ఫాం మీదికి రైలొచ్చి ఆ గొంతుల్ని ముంచేసింది. రైలు కదిలేసరికి లైను తెగిపోయింది. మళ్లీ చేస్తే కలవలేదు. ద్వారక వైపు రైళ్లు వచ్చిపోతున్నా ఎక్కకుండా అక్కడే ఉండిపోయింది.

ఇంట్లో ఇషిత తలుపు తీసి తల్లి మొహం చూసింది. "క్యా హువా అమ్మా? కోర్టులో ఏమన్నా అయిందా?"

"లేదే," అంది మైథిలి చెప్పులు విప్పుతూ. "అక్కడ వాన బాగా పడుతోంది."