అత్తయ్య రిపోర్టు, నా సిద్ధాంతం

మన మాటలు కంపెనీల చేతికి చిక్కకూడదని చాట్ యాప్ తీసేశాను. పామర్రులో ఉండే అత్తయ్య చేత కూడా తీయించాను. నిన్న ఆవిడ ఇంగ్లీషులో ఉన్న తన స్కాన్ రిపోర్టును చదివి చెప్పమంటూ ఫొటో తీసి మామూలు మెసేజ్‌లో పంపింది. మా ఇద్దరివీ పోటీ కంపెనీల ఫోన్లు; పంతానికి పోయి, ఒకరి ఫోన్ నుంచి ఇంకొకరి ఫోన్‌కి మామూలు మెసేజ్‌లో ఫొటో సరిగ్గా వెళ్ళనివ్వరు. అక్షరాలన్నీ అలుక్కుపోయి వచ్చాయి. "వాళ్ళ పంతాలకి మనం లొంగకూడదు అత్తయ్యా!" అని ఉపన్యాసం ఇచ్చాను.

ఈ రోజు ఆవిడే బస్సెక్కి భవానీపురంలోని మా ఇంటికి వచ్చేసింది. చదివి చెప్తానని చెయ్యి చాచాను.

"అక్కర్లేదురా. భయం ఆగక బస్సులో పక్కసీటావిడ చేత చదివించుకున్నా. భయపడే గడ్డ కాదంట. వెనకసీటాయన మంచి డాక్టరు పేరు కూడా చెప్పాడు. నీ కంపెనీలోళ్లకి మాత్రం తెలీలేదులే, సంతోషించు!"

ఇద్దరి ఫోన్లలోనూ యాప్ మళ్ళీ పెట్టాను. లొంగిపోయానని తిట్టేవాళ్ళు తిట్టండి. కానీ రాత్రంతా ఆవిడను భయంతో ఉంచినందుకు ముందు తిట్టండి.