మల్లేశ్ పొయ్యని మూత మందు

ఆ రోజు చెట్లకు మందు కొట్టమన్నది నేనే. ఈ ఒక్క మాట చెప్పకుండా పదకొండేళ్లు మోశాను. అప్పుడే చెప్పి ఉంటే ఒక మనిషి పని పోయేది కాదు. చెప్పలేదు.

అప్పుడు ఒమాన్‌లోని రుసైల్‌లో ఎరువులు, మందులు అమ్మే ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాడిని. జబల్ అఖ్దర్ కొండ మీద ఒక ఒమానీ పెద్దాయన ఆపిల్ తోటకు సలహాలు చెప్పడం నా డ్యూటీ. ఆయన్ని అందరం అర్బాబ్, అంటే యజమాని, అనేవాళ్లం. ఆపిల్ చెట్టు మీద పిందెలన్నీ ఉంచేస్తే ఒక్క కాయా ఊరదు. అందుకని అవి వేలిగోరంత ఉండగానే సగం రాలేలా మందు కొడతారు. ఎండలో కొడితే సగంతో ఆగదు. నేను చదువుకున్నదే అది.

తోటలో మందు కొట్టే మల్లేశ్‌ది జగిత్యాల వైపు. ఊళ్లో పత్తి వేసేవాడు. "మా దిక్కు కొలిసినంక పైనొక మూత పోస్తం సార్. లేకుంటే మనసొప్పది," అని నవ్వేవాడు. ఇక్కడ మాత్రం కొలత గ్లాసు కళ్లకెదురుగా పట్టుకుని, గీత దాటనిచ్చేవాడు కాదు.

ఆ రోజు నేను కొండెక్కేసరికి మధ్యాహ్నమైంది.

"ఎండ మస్తుగున్నది సార్. రేపు పొద్దుగాల కొడ్తనా?"

"రేపు నేను రాలేను. కానియ్ మల్లేశ్. కొండ మీద ఇదేం ఎండ?"

"మీ ఇష్టం. చెట్లకు గూడ జెప్పుండ్రి మరి, సల్లగున్నదని."

ఎందుకంత తొందర? ఆ సాయంత్రం కొండ దిగువన అల్ హైల్‌లో మా ఇంటికి భోజనానికి చుట్టాలు వస్తున్నారు. అంతే. ఇంతకన్నా పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఎన్నిసార్లు వెతుక్కున్నానో.

పది రోజుల్లో కొమ్మలన్నీ ఖాళీ అయ్యాయి. అర్బాబ్ మా ఇద్దరినీ నిలబెట్టి అడిగాడు. వీళ్లు పత్తి రైతులు, కొలిచాక పైన ఒక మూత పోయడం వీళ్లకు అలవాటు, అని అరబీలో చెప్పాను. మూత వంచినట్టు చేత్తో చూపించాను కూడా. అది చూసి మల్లేశ్‌కు అర్థమైంది. హిందీలో ఏదో చెప్పబోయాడు. అర్బాబ్ వినలేదు. వారం తిరక్కుండా వీసా రద్దు చేసి పంపించేశారు.

ఉద్యోగం పోతుందని భయపడ్డానా? అదీ కాదు. చదువుకున్నవాడు పొరపాటు చేశాడని ఒక కూలి మనిషి ముందు ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. ఆ తర్వాత నన్ను నిపుణుడన్నారు. కొత్తగా చేరినవాళ్లకు ఆ తోటనే ఉదాహరణగా చూపించి, కొలత తప్పిన కూలివాడి కథ చెప్పాను. ఏటా చెప్పాను. చెప్పేటప్పుడు గొంతు ఒక్కసారీ తడబడలేదు. నన్ను నేను అసహ్యించుకునేది అందుకే.

పోయిన నెల అతని నంబరు సంపాదించి ఫోన్ చేశాను. అంతా విన్నాడు.

"నేనెంత పోసిన్నో నాకెర్కలేదా సార్? నాకెందుకు జెప్తుండ్రు? అర్బాబ్‌కు జెప్పుండ్రి."

మర్నాడు కొండెక్కాను. మల్లేశ్‌కు ఫోన్ కలిపి, అర్బాబ్ ముందు బల్ల మీద పెట్టాను. మల్లేశ్ కొలత తప్పలేదు, ఎండలో కొట్టించింది నేను, అబద్ధమాడిందీ నేనే అని అరబీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పాను. ముసలాయన నన్ను కూర్చోమనలేదు. అయినా ఆ మాటలు బయటికి వచ్చాక ఊపిరి కాస్త నిండుగా ఆడింది. ఇక మిగిలింది తెలుగులో చెప్పాల్సింది.

"మల్లేశ్, తప్పు నాది. నన్ను క్షమించమని అడుగుతున్నాను."

"ఇన్న సార్," అని ఫోన్ పెట్టేశాడు.